మారుతీ 800 కారులో తరచు వచ్చే యాంత్రిక లోపాలు

మారుతీ 800 భారతదేశంలో 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు తయారైన చిన్న కారు. జపాను దేశపు సుజుకీ సంస్థ సాంకేతిక సహకారంతో హర్యానాలోని గుర్‌గావ్ కర్మాగారంలో ఇది రూపొందింది. 796 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం గల 3 సిలిండర్ల పెట్రోలు ఇంజను దీనికి ఆధారం. తొలి నమూనాలలో ఇంధనం కార్బ్యురేటర్ ద్వారా ఇంజనుకు అందేది. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్‌ఐ పద్ధతి వచ్చింది. భారత్ స్టేజ్-4 ఉద్గార ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో అమలైన 13 నగరాలలో ఈ కారు అమ్మకం నిలిచిపోయింది. వాటిలో హైదరాబాదు ఒకటి.

తయారీ ఆగిపోయినా ఈ కార్లు ఇంకా రోడ్లపై కనిపిస్తూనే ఉన్నాయి. వయసు మీరిన ఈ కారులో తలెత్తే లోపాలలో అధికభాగం ఇంధనం, నిప్పురవ్వ, శీతలీకరణ అనే మూడింటికి చెందినవే. లోపం ఎక్కడ ఉన్నదో తేల్చుకోకుండా ఒకదాని తరువాత ఒకటిగా విడిభాగాలు మార్చడం వలన కారు ధరను మించిన ఖర్చు అవుతుంది. ఖర్చు లేని పరీక్షలు ముందు, విప్పి చూడవలసినవి తరువాత అన్నది ఇక్కడ పాటించదగిన క్రమం.

ఇంజను స్టార్ట్ కాకపోవడం

తాళంచెవి తిప్పినపుడు సెల్ఫ్ మోటారు తిరుగుతున్నదా, లేదా అన్నది మొదట గమనించాలి. తిరగకపోతే హెడ్‌లైట్లు వేసి మళ్ళీ తిప్పి చూడాలి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనపడినట్లు, లేదా దాని టెర్మినళ్ళ వద్ద పట్టు లేనట్లు గ్రహించాలి. లైట్ల కాంతి తగ్గకుండా ‘టక్’ అనే శబ్దం మాత్రమే వస్తే లోపం సెల్ఫ్ మోటారులోనిది. ఏ శబ్దమూ రాకపోతే తాళంచెవి స్విచ్చి నుండి మోటారుకు వెళ్ళే తీగను అనుమానించాలి.

టెర్మినళ్ళపై పేరుకొనే తెల్లని లేదా పచ్చని పొడిని తినేసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన తరువాత వాజలీను పూయాలి. విప్పేటపుడు నెగటివ్ తీగను ముందుగా, బిగించేటపుడు చివరగా పట్టుకోవడం నియమం. మంచి బ్యాటరీ ఇంజను ఆగి ఉన్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తుండగా 13.8 నుండి 14.4 వోల్టుల వరకు రావాలి. అంతకు తగ్గితే తప్పు డైనమోది. అటువంటప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా కొద్ది రోజులలో అదే ఇబ్బంది తిరిగి వస్తుంది.

సెల్ఫ్ తిరిగినా ఇంజను అందుకోకపోతే నిప్పురవ్వను, పెట్రోలును విడివిడిగా పరీక్షించాలి. స్పార్క్ ప్లగ్గును విప్పి, తీగ తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజను లోహానికి ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. నీలిరంగు రవ్వ గట్టిగా వస్తే ఆ భాగం సరిగా ఉన్నట్లే. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉండగా ఈ పరీక్ష చేయరాదు, తీగను ఒట్టి చేతితో పట్టుకొనరాదు. వానకాలంలో రవ్వ రాకపోవడానికి చాలాసార్లు డిస్ట్రిబ్యూటర్ మూత లోపలి చెమ్మే కారణం. పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ప్లగ్గు కొన రంగు ఇంజను ఆరోగ్యాన్ని తెలుపుతుంది. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువగా వస్తున్నది. నూనె జిడ్డు ఉంటే ఆయిల్ సిలిండరులోకి చేరుతున్నది. బాగా తెల్లబడితే పెట్రోలు చాలక, లేదా ఇంజను అతిగా వేడెక్కి ఉంటుంది.

కార్బ్యురేటర్ నమూనాలలో పెట్రోలును లాగే పంపు ఇంజనుకే అమర్చి ఉంటుంది. దానిలోని రబ్బరు పొర చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్‌లో కలిసే ప్రమాదం ఉంది. డిప్‌స్టిక్ తీసినపుడు ఆయిల్ మట్టం పెరిగినట్లు కనబడి, పెట్రోలు వాసన వేస్తే ఇదే లోపం. ఆయిల్ తగ్గితే కంగారుపడేవారు సైతం పెరిగితే సంతోషిస్తారు గాని, పెట్రోలు కలిసి పలచబడిన ఆయిల్ బేరింగులను త్వరగా అరగదీస్తుంది. పంపు, ఆయిల్ రెండూ మార్చనిదే బండి నడపకూడదు.

వేసవిలో కొంతదూరం నడిచి ఆగిన కారు మళ్ళీ అందుకోకపోవడం మరొక లోపం. గొట్టంలోని పెట్రోలు ఇంజను వేడికి ఆవిరైపోగా, పంపు ఆ ఆవిరిని లాగలేదు. బానెట్ ఎత్తి, పంపుపై తడిగుడ్డ వేసి, పావుగంట ఆగితే సాధారణంగా సర్దుకుంటుంది. ఎంపీఎఫ్‌ఐ కార్లలో పంపు పెట్రోలు ట్యాంకులో ఉంటుంది కనుక ఈ బాధ అరుదు. అయితే ఆ పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. ఎప్పుడూ ట్యాంకు అడుగంటేవరకు నడిపే అలవాటు దాని ఆయుష్షును తగ్గిస్తుంది.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశంలో 2023 ఫిబ్రవరి నుండి అమ్మకానికి వచ్చింది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి, పగుళ్ళు తీస్తాయి. నెలల తరబడి కదలని కారులో ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బ్యురేటర్ లోపల తుప్పుపొడి చేరుతుంది. గొట్టాలను ఏడాదికొకసారి చేతితో వంచి చూడటం మేలు. వేడెక్కిన ఇంజనుపై పెట్రోలు బొట్లు పడితే నిప్పంటుకొనవచ్చు.

మిస్సింగ్

మూడు సిలిండర్లలో ఒకటి పనిచేయకపోతే మూడవవంతు శక్తి పోయినట్లే. నాలుగు సిలిండర్ల కారులో కొంత మరుగున పడే ఈ లోపం ఇక్కడ కారంతా ఊగిపోయేంతగా తెలుస్తుంది. కార్బ్యురేటర్ నమూనాలలో ఇంజను నడుస్తుండగా ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా, రబ్బరు తొడుగు గల పట్టుకారుతో తీసి చూస్తారు. ఏ తీగ తీసినపుడు ఇంజను నడకలో మార్పు రాదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. ప్లగ్గు, తీగ మార్చినా ఫలితం లేకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. కెటలిటిక్ కన్వర్టర్ ఉన్న కార్లలో ఇలా తీగలు తీయడం తగదు, కాలని పెట్రోలు అందులోకి చేరి దానిని పాడుచేస్తుంది.

ఇంజను వేడెక్కడం

ఈ కారుకు ప్రాణాంతకమైన లోపం ఇదే. ఇంజను హెడ్డు అల్యూమినియంతో చేసినది. వేడికి అల్యూమినియం ఇనుముకంటే సుమారు రెండురెట్లు వ్యాకోచిస్తుంది. బోల్టులతో బిగించి ఉన్న హెడ్డు అతిగా వేడెక్కితే వంకర తిరిగి, దాని కిందనున్న గాస్కెట్ కాలిపోతుంది. ముల్లు ఎర్రగీత దాటిన తరువాత ‘ఇంటికి ఇంకెంత, నాలుగు కిలోమీటర్లే కదా’ అని నడపడం వలన ఒక గొట్టంతో పోయే ఖర్చు ఇంజను మొత్తానికి పాకుతుంది.

ఇక్కడ ఒక మోసం కూడా ఉంది. రేడియేటర్ నీరు పూర్తిగా కారిపోతే ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారుకు నీరు తగలదు. అపుడు ముల్లు పైకి పోయి, తిరిగి కిందికి దిగవచ్చు. ఇంజను చల్లబడిందని డ్రైవరు భ్రమపడతాడు. వేడి ముల్లు అకస్మాత్తుగా పడిపోతే కారును వెంటనే ఆపవలసినదే.

ఆపిన తరువాత కనీసం అరగంట వరకు రేడియేటర్ మూత తీయరాదు. మూత బిగువుగా ఉన్నంతవరకు ఒత్తిడి వలన లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ముఖంమీదికి ఎగజిమ్ముతుంది. అదేవిధంగా వేడి ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్డు చిట్లిపోతుంది. కారు ఆపే చోటు దొరికేవరకు హీటరును పూర్తిగా తెరిస్తే కొంత వేడి బయటకు పోతుంది. రెంటచింతల, రామగుండం ఎండలలో ఇది రుచించే సలహా కాకపోయినా పనిచేసే సలహా.

కారణం వెదకడంలో కారు ఎప్పుడు వేడెక్కుతున్నదో చూడటం ముఖ్యం. నగరపు రద్దీలో మాత్రమే వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే తప్పు రేడియేటర్ ఫ్యానుది. ఇది విద్యుత్తుతో తిరిగే ఫ్యాను కనుక ఫ్యూజు, తరువాత వేడి స్విచ్చి, చివరకు మోటారు చూడాలి. స్విచ్చికి వచ్చే తీగలను నేరుగా కలిపినపుడు ఫ్యాను తిరిగితే మోటారు మంచిదే, స్విచ్చి చెడినది. హైవేపై వేగంగా పోతున్నపుడు వేడెక్కితే రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటుంది. బోరునీరు పోయడం దీనికి ప్రధాన కారణం. ఆ నీటిలోని లవణాలు సన్నని గొట్టాలలో గట్టిపడతాయి. కూలెంట్‌ను శుద్ధజలంతో కలిపి మాత్రమే వాడాలి. వేడి ముల్లుతోపాటు బ్యాటరీ ఎర్రదీపం కూడా వెలిగితే డైనమోను, నీటిపంపును తిప్పే బెల్టు తెగిందేమో చూడాలి.

‘మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు’ అని దానిని తీసివేయడం అనేక వర్క్‌షాపులలో ఆచారమైంది. ఇది సరికాదు. థర్మోస్టాట్ లేని ఇంజను తగిన వేడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ మేరకు పెట్రోలు ఖర్చు, సిలిండరు అరుగుదల పెరుగుతాయి. పైగా అసలు లోపం ఎండకాలం వరకు కనబడకుండా దాగి ఉంటుంది.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం, ఇంజను నడుస్తుండగా రేడియేటర్‌లో ఎడతెగని బుడగలు, ఆయిల్ మూత అడుగున పాలకాఫీ వంటి నురగ కనిపిస్తే గాస్కెట్ కాలినట్లు భావించాలి. హెడ్డు విప్పినపుడు దాని అడుగుతలం సమంగా ఉన్నదో లేదో కొలిపించి, అవసరమైతే లేత్ వర్క్‌షాపులో చదును చేయించాలి. కొత్త గాస్కెట్ ఒక్కటే వేసి బిగిస్తే అది మళ్ళీ కాలుతుంది.

పొగ, శబ్దాలు, క్లచ్

నీలిపొగ ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. తెల్లవారి స్టార్ట్ చేసినపుడు కొద్దిసేపే వస్తే వాల్వు సీళ్ళు, ఎక్సలేటర్ తొక్కినంతసేపు వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. నల్లపొగ పెట్రోలు ఎక్కువైందని తెలుపుతుంది. పాత నమూనాలలో లాగిన చోక్‌ను తిరిగి నెట్టడం మరచిపోవడం కూడా దీనికి కారణం కావచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకొన్నపుడు ‘టకటక’ మని వినిపిస్తే ముందు ఇరుసులోని సీవీ జాయింటు అరిగింది. దాని రబ్బరు తొడుగు చిరిగినపుడే మార్చి, గ్రీజు పెడితే జాయింటు దక్కుతుంది. ఇంజను రొద పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగినది, లేదా క్లచ్ కేబుల్ మరీ బిగువుగా ఉన్నది.

బ్రేకులు

ఇంజను లోపం కారును ఆపివేస్తుంది, బ్రేకు లోపం ఆపనివ్వదు. పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచినపుడు అది మెల్లగా కిందికి దిగుతుంటే, బయట ఎక్కడా కారకపోయినా మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు వాషర్లు అరిగినట్లే. చక్రం లోపలివైపు తడిగా ఉంటే అక్కడి సిలిండరు కారుతున్నది. బ్రేకు వేసినపుడు కారు ఒక పక్కకు లాగితే రెండవవైపు బ్రేకు పట్టడం లేదని అర్థం.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కావున కారు తిరగకపోయినా 2 సంవత్సరాలకొకసారి దానిని మార్చాలి. తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్‌రోడ్లు దిగేటపుడు ఎడతెగక బ్రేకు తొక్కితే ఆ తేమ మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. తక్కువ గేరులో దిగడమే ఇందుకు మార్గం.

తుప్పు

విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో తిరిగిన కార్లకు ఉప్పుగాలి వలన తుప్పు త్వరగా పడుతుంది. కార్పెట్టు కింది నేల, బ్యాటరీ ఉండే పళ్ళెం, ముందు షాకబ్జర్లు బిగించే చోట్లు మొదట పరిశీలించాలి. సుత్తితో మెల్లగా తట్టినపుడు గుల్లశబ్దం వస్తే పైన రంగు బాగున్నా లోపల రేకు తినిపోయింది. షాకబ్జరు పైభాగపు రేకు పుచ్చిన కారుకు ఇంజను పనులు చేయించేముందు టింకరింగ్ పని తెలిసినవారి అంచనా తీసుకోవాలి.