మనోబలము: అభ్యాసముచే అలవడు విద్య



పాఠశాలల పోటీలు జరుగు దినములలో మనమందరము చూచుచుండు వింత యొకటి కలదు. నెలల తరబడి ఆటస్థలమున అందరికంటె ముందు పరుగెత్తిన బాలుడు, పోటీనాడు గీత వద్ద నిలువగానే కాళ్లు బిగిసి వెనుకబడును. ఇంట పద్యమును తప్పులేక అప్పగించిన బాలిక, వేదిక నెక్కగానే రెండవ పాదము మరచి తెల్లబోవును. గణితము చక్కగా వచ్చిన విద్యార్థికి, ప్రశ్నాపత్రము చేతికందగానే మొదటి లెక్కయే కొత్తగా తోచును. వీరికి విద్య లేదా? ఉన్నది. శక్తి లేదా? అదియు నున్నది. ఆ విద్యను, ఆ శక్తిని సమయమునకు చేతికందించు మనోబలము మాత్రము ఇంకను అలవడలేదు.

“వీడు పుట్టుకతోనే ధైర్యశాలి, అది పుట్టుకతోనే పిరికిది” అని పెద్దలు అనుచుందురు. స్వభావములలో భేదములున్న మాట నిజమే. అయినను ఈ మాట పిల్లల కిద్దరికిని కీడే చేయును. పిరికిదని పేరుపడిన పిల్ల ప్రయత్నము మానుకొనును; ధైర్యశాలి యని పేరుపొందిన పిల్లవాడు అభ్యాసము మానుకొనును. మనోబలము ఈత వంటిది. నీటిలో దిగి నేర్చుకొన్నవారికి వచ్చును. గట్టున కూర్చున్నవారికి రాదు. ఈ సంగతినే యిచట వివరింపదలచితిమి.

భయము వేళ దేహములో జరుగునది

ఆపద యున్నదని మెదడు తలచిన వెంటనే, మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి వదలును. దానివలన గుండె వేగముగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, నోరెండిపోవును, కడుపులో త్రిప్పినట్లుండును. ఇది వ్యాధి కాదు. పరుగెత్తుటకో, పోరాడుటకో దేహము సిద్ధపడు తీరు. గొప్ప పోటీలు గెలిచినవారికి సైతము ఈ లక్షణములు కలుగుచునే యుండును. కావున గుండె దడదడలాడినంత మాత్రమున “నేను పనికిరాను” అని ఎవ్వరును తలపరాదు.

1908వ సంవత్సరమున యర్క్స్, డాడ్సన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు చిట్టెలుకలపై చేసిన ప్రయోగములను ప్రకటించిరి. కష్టమైన పనిని నేర్చుకొనునపుడు, మితమైన ప్రేరణ కలిగినచో అవి త్వరగా నేర్చుకొనెను. ప్రేరణ మితిమీరినచో నేర్పు మందగించెను. తరువాతి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ భావమును మనుష్యులకును అన్వయించి చూచిరి. కొంత ఆందోళన మనలను మేలుకొలుపును. హద్దు దాటినచో పనిని చెరచును. వీణతీగ వదులైనచో పలుకదు, మితిమీరి బిగించినచో తెగును.

హద్దు దాటిన ఆందోళన పనిని రెండు విధములుగా చెరచును. మనస్సు ఒక్కసారిగా నిలుపుకొనగల విషయములు బహు కొద్ది. లెక్క చేయునపుడు అంకెలుండవలసిన చోట “తప్పినచో నాన్నగారేమందురో” అను చింత కూర్చున్నచో, అంకెలకు చోటు చాలదు. ఇది మొదటిది. ఇక రెండవది: బాగుగా అలవాటైన పనిని మితిమీరిన శ్రద్ధతో పరిశీలించుచు చేసినచో అది తడబడును. మెట్లు దిగునపుడు ఏ పాదము ఎచట మోపుచున్నామో ఒక్కొక్కటిగా ఆలోచించి చూడుడు, కాలు తొట్రుపడును. కాబట్టి మనోబలమనగా భయము లేకుండుట కాదు. భయమున్నను, మనస్సును చింతనుండి మరల్చి చేతిలోని పనిపై నిలుపగలుగుట.

గుకేశ్ చూపిన మార్గము

చెన్నైలో ఒక తెలుగు కుటుంబమున 2006 మే 29న జన్మించిన దొమ్మరాజు గుకేశ్ చరిత్ర దీనికి చక్కని ఉదాహరణము. ఇతడు 2019 జనవరిలో, 12 సంవత్సరముల 7 నెలల 17 దినముల వయస్సున చదరంగమున గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. ప్రపంచములో అతి పిన్నవయస్కుడను ఖ్యాతి, కేవలము 17 దినముల తేడాలో అతనికి అప్పుడు తప్పిపోయెను.

2024 ఏప్రిల్‌లో, ప్రపంచ విజేతను ఎదుర్కొను అర్హత కొరకు టొరంటో నగరమున ఎనమండుగురు ఆటగాండ్రు పోటీపడిరి. ఏడవ ఆటలో గుకేశ్, ఫ్రాన్సు దేశపు అలీరెజా ఫిరూజా చేతిలో ఓడిపోయెను. పోటీ సగములో కలిగిన యిట్టి దెబ్బ అనేకులను క్రుంగదీయును. ఆ ఓటమి తనకు ఉత్సాహమును, పట్టుదలను ఇచ్చినదని గుకేశ్ తరువాత చెప్పెను. మిగిలిన ఏడు ఆటలలో అతడు మూడు గెలిచి, నాలుగు సమము చేసి, 14కు 9 పాయింట్లతో ప్రథముడయ్యెను. ఆ మూడు గెలుపులలో ఒకటి అదే ఫిరూజాపై సాధించినది.

ఆ సంవత్సరమే నవంబరు 25న సింగపూరులో, చైనా దేశపు ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌తో పోరు మొదలయ్యెను. తెల్లపావులతో ఆడియు గుకేశ్ మొదటి ఆటలోనే ఓడెను. మూడవ ఆట గెలిచి సమమయ్యెను. తరువాత వరుసగా ఏడు ఆటలు డ్రాలు. పదునొకండవ ఆట గెలిచి ముందంజ వేసెను. మరునాడే పండ్రెండవ ఆటలో ఓడి ఆ ఆధిక్యమును పోగొట్టుకొనెను. కొండ యెక్కి మరల జారినట్టి ఆ స్థితిలో పదుమూడవ ఆటను నిబ్బరముగా డ్రా చేసెను. డిసెంబరు 12న చివరిదగు పదునాలుగవ ఆటలో అతనివి నల్లపావులు. ఆట చివరకు అతని కొక్క బంటు మాత్రమే ఎక్కువ. చూచువారందరు డ్రా అగుననియే తలచిరి. గుకేశ్ ఆటను విడువక, తొందరపడక ఎత్తు వెంట ఎత్తు వేయుచుండెను. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును తగని గడికి జరిపెను. మూడు ఎత్తులలో ఆట ముగిసెను. 7½–6½ తేడాతో, 18 ఏండ్ల వయస్సున గుకేశ్ ప్రపంచ విజేత యయ్యెను. అంతకుముందు ఆ ఖ్యాతి 1985లో 22 ఏండ్లకు గెలిచిన కాస్పరోవ్‌ది.

ప్రత్యర్థి చేయు పొరపాటు గుకేశ్ చేతిలో లేదు. ఆ పొరపాటునకు అవకాశము కలుగువరకు ఓపికతో కూర్చుండుట మాత్రము అతని చేతిలో నున్నది. ఆ ఓపిక అప్పటికప్పుడు వచ్చినది కాదు. ఆ పోరునకు సిద్ధపడునపుడు అతడు పాడీ అప్టన్ అను దక్షిణాఫ్రికా దేశస్థునివద్ద మానసిక శిక్షణ పొందెను. 2011లో ప్రపంచకప్ గెలిచిన భారత క్రికెట్ జట్టునకు మానసిక శిక్షకుడుగా నుండినది ఈ అప్టనే. ఎత్తులు నేర్పు గురువులుండగా, మనస్సునకు వేరొక గురువును వెదకుకొనుటను గుకేశ్ చిన్నతనముగా భావింపలేదు.

ఓటమి తరువాత మెట్టు

బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు చరిత్రయు ఇట్టిదే. 2016లో రియో ఒలింపిక్స్ అంతిమపోటీలో ఓడి రజత పతకము పొందెను. 2017లో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ అంతిమపోటీలో, జపాను క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషములు పోరాడి 19–21, 22–20, 20–22 తేడాతో ఓడెను. 2018లో మరల అంతిమపోటీలోనే ఓటమి. “ఫైనలులో గెలువలేదు” అను మాట చుట్టును వినబడుచుండెను. 2019 ఆగస్టులో బాసెల్ నగరమున, అదే ఒకుహారాపై 21–7, 21–7 తేడాతో గెలిచి ప్రపంచ విజేత యయ్యెను. రెండుసార్లు ఓడిన చోటికే మూడవసారి నడచి వెళ్లుటకు కావలసిన ధైర్యమే మేము చెప్పుచున్న మనోబలము.

పిల్లలు చేయదగిన అభ్యాసములు

మనకు పేరుపొందిన శిక్షకులు లేరు. అయినను ఖర్చులేని అభ్యాసములు కొన్ని కలవు.

మొదటిది ఊపిరి. నాలుగు లెక్కించునంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. మెల్లగా విడిచిన ఊపిరి గుండె వేగమును తగ్గించును. దీనిని పోటీనాడు కొత్తగా మొదలుపెట్టక, ప్రతిదినము ఐదు నిమిషములు చేయవలెను.

రెండవది క్రమము. గుకేశ్ ఆటకు ముందు బల్ల వద్ద కన్నులు మూసికొని కొంతసేపు కూర్చుండుటను అనేకులు చూచియున్నారు. మీరును మీకొక చిన్న క్రమము నేర్పరచుకొనుడు: కలము సరిచూచుకొనుట, రెండు దీర్ఘశ్వాసలు, మొదట వచ్చిన ప్రశ్న వ్రాయుట. తెలిసిన క్రమము తెలియని చోటును పరిచితముగా చేయును.

మూడవది, పోటీవంటి పరిస్థితిలో అభ్యాసము. పద్యమును గదిలో నూరుసార్లు చదివిన దానికంటె, నలుగురి యెదుట పదిసార్లు చదివినది వేదికపై అక్కరకు వచ్చును. గడియారము పెట్టుకొని పాత ప్రశ్నాపత్రములు వ్రాయుడు.

నాలుగవది, ఓడిననాటి లెక్క. ఆ సాయంకాలము ఒక కాగితముపై మూడు మాటలు వ్రాసికొనుడు: జరిగినదేమి? అందులో నా చేతిలో నున్నదేమి? రేపు నేను మార్చవలసినదేమి? వ్రాసినపిమ్మట కాగితము మడిచి ఆడుకొనబోవుడు.

ఐదవది నిద్ర. 13 మొదలు 18 ఏండ్లవారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు. పరీక్ష ముందురాత్రి మేలుకొనుట మనోబలమునకు శత్రువు.

భాషాభయము

మన పిల్లలకు మరియొక పరీక్ష కలదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, పై చదువులలో ఇంగ్లీషు. తెలుగులో చదివిన బాలుడు పై తరగతికి పోయినపుడు సమాధానము తెలిసియు మాట దొరకక మౌనముగా నుండును. ఉపాధ్యాయుడు అతనికి విషయమే తెలియదని తలచును. కొన్ని నెలలకు ఆ బాలుడును అట్లే తలచుట మొదలిడును. తెలివి గల పిల్ల లెందరో వెనుక బెంచీకి చేరుట ఇట్లే. ఇది మాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

దీనికిని పై అభ్యాసములే మందు. దినమునకొక ప్రశ్నకైనను లేచి సమాధానము చెప్పుదునని నియమము పెట్టుకొనుడు. మొదటి వాక్యమును ముందుగా ఇంట చెప్పి చూచుకొనుడు. అర్థము కానిచో “దయచేసి మరల చెప్పుడు” అని అడుగుడు. అడుగుట అవమానము కాదు. ఉచ్చారణకు నవ్వువారు రెండు వారములు నవ్వుదురు, తరువాత అలవాటు పడుదురు. అట్లని ధైర్యమొక్కటే చాలదు. భాషను శ్రద్ధతో నేర్చుకొనవలెను; నేర్చుకొనుచున్నంతకాలము నోరు మూసికొనకుండుటకు ధైర్యము కావలెను. మూడు భాషల మధ్య పెరిగిన వారమనుట మనకు లోపము కాదు, ఆస్తి.

తల్లిదండ్రులకు

పిల్లవాడు పోటీనుండి రాగానే “గెలిచితివా?” అని అడుగుటకు మారుగా “ఎట్లాడితివి?” అని అడుగుడు. ప్రక్కింటి పిల్లతో పోల్చకుడు. ఓడివచ్చిన రాత్రి అన్నము పెట్టి, పలుకరించి, తప్పులను మరునాడు చర్చింపుడు. ఓడినను తన యింట తన చోటు తరుగదని ఎరిగిన పిల్లయే మరల పోటీకి సాహసించును.

మరియొక మాట. సహాయము కోరుటయు మనోబలమే. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్ నడుమ, తన మనఃస్థితి సరిగా లేదని జట్టు అంతిమపోటీనుండి తప్పుకొనెను. 2024లో పారిస్‌లో మూడు స్వర్ణ పతకములు గెలిచెను. దిగులు వారముల తరబడి విడువనిచో, నిద్రాహారములు తప్పినచో, అమ్మకో, నాన్నకో, ఉపాధ్యాయునికో తప్పక చెప్పుడు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యలో ఫోను చేసి, తెలుగుతో సహా అనేక భాషలలో ఉచితముగా సలహా పొందవచ్చును.

పిల్లలారా! మీరందరును ప్రపంచ విజేతలు కావలెనని మేము కోరుట లేదు. మీకు తెలిసినది మీ నోట పలుకవలెను, మీరు నేర్చినది మీ చేత కనబడవలెను. ఫలితము మన చేతిలో ఎల్లపుడు ఉండదు. తరువాతి ఎత్తు మాత్రము మన చేతిలోనే యుండును. దానిని శ్రద్ధతో వేయుట నేడే మొదలిడుడు.