పోట్లాట వేరు, వేధింపు వేరు

ఒక ఊళ్లో ఆడపిల్లలు కబడ్డీ నేర్చుకుంటున్నారనుకుందాం. నేర్పేది మనలాంటి ఒక అక్క. కబడ్డీలో ఒక్కో జట్టుకు 7 మంది ఆడతారు. అందులో ఒక పిల్ల వారం నుంచి రావటం లేదు. అక్క ఇంటికి వెళ్లింది.

"ఏమ్మా, ఆటకు రావటం లేదేం?"

"కడుపునొప్పి అక్కా."

అసలు సంగతి వేరు. ఆ పిల్ల కూతకు వెళితే నలుగురు పిల్లలు వెక్కిరిస్తున్నారు. చెప్పులు దాచేస్తున్నారు. నీళ్ల బిందె ముట్టుకోనివ్వటం లేదు.

"పిల్లలన్నాక పోట్లాడుకోరా?" అంటాం మనం. కాని పోట్లాట వేరు, వేధింపు వేరు.

పోట్లాటలో ఇద్దరూ సమానం. ఇవాళ ఒకరు అంటే రేపు ఇంకొకరు అంటారు. వేధింపులో బలం ఒకవైపే ఉంటుంది. అదే పిల్లను మళ్లీ మళ్లీ బాధపెడతారు. ఆమె ఎదురు చెప్పలేదు. ఇవాళ ఆట మానుతుంది. రేపు బడి కూడా మానవచ్చు.

పోట్లాట అయితే ఏం చేయాలి?

ఇద్దరినీ కూర్చోబెట్టాలి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినాలి. రేపటి నుంచి ఎలా ఉంటారో వాళ్లనే అడగాలి.

వేధింపు అయితే ఏం చేయాలి?

అందరి ముందూ "చేతులు కలపండి" అనకూడదు. ఆ పిల్ల భయంతో తల ఊపుతుంది. తర్వాత వేధింపు ఇంకా పెరుగుతుంది.

ముందు ఆ పిల్లతో విడిగా మాట్లాడాలి. "నీ తప్పేమీ లేదు. చెప్పి మంచి పని చేశావు" అనాలి.

తర్వాత వేధించిన పిల్లలతో ఒక్కొక్కరితో మాట్లాడాలి. కొట్టకూడదు. కొడితే, బలం ఉన్నవాళ్లు కొట్టవచ్చని మనమే నేర్పినట్టు. "మళ్లీ చేస్తే ఆటలోకి రానివ్వను" అని చెప్పాలి. ఎంత బాగా ఆడే పిల్లయినా సరే, చెప్పినట్టే చేయాలి.

కులం చూసి నీళ్లు ముట్టుకోనివ్వకపోతే అది అంటరానితనం. దాన్ని మన రాజ్యాంగం నిషేధించింది. ఈ మాట పిల్లలందరికీ చెప్పాలి. అందరూ ఒకే బిందె నీళ్లు తాగాలి.

అంతటితో వదిలేయకూడదు. వారం వారం ఆ పిల్లను అడుగుతుండాలి. వేధింపు ఆగకపోతే తల్లిదండ్రులకు, బడి పంతులుకు చెప్పాలి. పిల్లల సాయానికి 1098 నంబరు ఉంది. పగలైనా రాత్రయినా ఫోను చేయవచ్చు. డబ్బు కట్టక్కరలేదు.

కూతకు వచ్చినవారిని పట్టాలంటే పిల్లలు చేతులు గొలుసుగా పట్టుకుంటారు. ఒక్క చెయ్యి వదిలితే గొలుసు తెగిపోతుంది. జట్టు కూడా అంతే.

ఆలోచించండి:
మీ ఇంట్లో పిల్ల ఆటకో బడికో పోనంటోందా? ఎందుకో అడిగారా?