పాత పెట్టెకు క్రొత్త రంగు



మా యింటి నడవలో నొక టేకుపెట్టె కలదు. అది మా తల్లిగారి సారెపెట్టె. మూలలకు ఇత్తడి బద్దలు, మూతకు గొలుసు, ముఖమున నడుమ నొక పద్మము, దాని కిరుప్రక్కల రెండేసి చిలుకలు నుండెడివి. ఉండెడివని భూతకాలమున చెప్పవలసివచ్చుటకు కారణము నేనే. ముప్పదియేండ్ల క్రిందట, నే నుద్యోగమున నున్న దినములలో, ఇంటికి సున్నము వేయించుచు, పనిలో పనిగా ఆ పెట్టెకును రంగు వేయుమని పనివానితో చెప్పితిని. అతడు చెప్పినట్లే చేసెను. కాస్టిక్ సోడా నీటితో పాత పూత నంతయు నూడ్చి, బడి బల్లలకు వేసెడి గోధుమవన్నె ఎనామిలు రెండు పూతలు వేసెను. సాయంకాలము మా తల్లిగారు వచ్చి మూతపై చేయి వేసి, "నా చిలుకలేవిరా?" అని యడిగిరి. నేను మాటాడక ఊరకుంటిని.

ఆ పిదప ఈ పనిని గూర్చి తెలిసినవారి నడిగి నేర్చినదియు, చేతులు కాల్చుకొని నేర్చినదియు నేడు మీకు విన్నవించెదను. పాత పెట్టెలు, బీరువాలు, ఊయెలబల్లలు మూలబడి యున్న యిండ్లు మనలో ననేకము కలవు. వానిని బాగుచేసి, రంగులతో చిత్రించి మరల వాడుకొనవలెనను కోరిక ఇప్పుడు మరల ప్రబలుచున్నది. కోరిక మంచిదే. తొందరయే చెడ్డది.

మొట్టమొదట విచారింపవలసినది రంగు వేయవలెనా, వలదా యనునది. చక్కని చారలు గల టేకునకుగాని, జిట్రేగికిగాని రంగు పూయుట నాకు సమ్మతము కాదు. అట్టివానికి లక్క మెరుగు చాలును. మామిడికొయ్యతో చేసినవి, రెండు మూడు జాతుల కొయ్యలు కలిపి యతికినవి, పుచ్చుపట్టి లప్పముతో పూడ్చినవి, ఇవియే రంగునకు తగినవి. ఇదివరకే చిత్రము గలదాని జోలికి పోవుటకు ముందు మాత్రము దానిని ఛాయాచిత్రము తీసి, పలుచని కాగితముపై రేఖలెత్తి భద్రపరుపుడు. ఈ రెండు పనులకు నాకు ఆ దినమున అరపూట పట్టి యుండెడిది.

కొయ్యపై రంగులు వేయుట మన దేశమున క్రొత్త విద్య కాదు. నిర్మలలోను, విజయవాడ చెంతనున్న కొండపల్లిలోను బొమ్మలు చేయువారు తెల్లపొణికి యను తేలిక కొయ్యను వాడుదురు. కొండపల్లివారు చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి అతుకులు సరిచేసి, తెల్లని పూత వేసి, ఆరిన పిమ్మటనే రంగు ముట్టుదురు. ఏటికొప్పాకవారి త్రోవ వేరు. వారు అంకుడుకొయ్యను తరిమెనపై త్రిప్పుచు రంగులక్క కడ్డీని అదిమి పట్టుదురు. రాపిడివేడికి లక్క కరగి కొయ్య నంటుకొనును. మొగలిరేకుతో దానికి మెరుగు పెట్టుదురు. పెట్టెను తరిమెనపై త్రిప్పలేము గనుక మనకు కొండపల్లి, నిర్మల మార్గమే శరణ్యము.

ఈ మార్గమునకు గ్రంథాధారమును కలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య రాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున వజ్రలేప విధానము చెప్పబడినది. ఎనుబోతు తోలును వెన్నవలె మెత్తబడువరకు నీటిలో కాచి, కడ్డీలుగా చేసి యెండబెట్టి, కావలసినపుడు మరల కరగించి తెల్లమన్నుతో కలిపి పూయవలెను. ఇది గోడ చిత్రములకై చెప్పినదే యైనను కొయ్యకును పనికివచ్చును. మా వైపు వడ్రంగులు కాచు బంకను వజ్రమనియే పిలుచుట వింటిని. శాస్త్రము చదివిన నేను ఆ మాటను పుస్తకములో చూచి మురిసితిని గాని, మా వడ్రంగి నోట విన్నపుడు దానిని గుర్తింపలేకపోతిని!

ఇక పనిలోనికి వత్తము. పాత పూత యేదో ముందుగా తెలిసికొనవలెను. కనబడని చోట, మూత క్రిందిభాగమున, స్పిరిట్‌తో తడిపిన దూదితో రుద్దుడు. పూత జిగటగా కరగి దూదికి గోధుమవన్నె పట్టినచో నది లక్క. స్పిరిట్‌కు చలింపక థిన్నరుకు కరగినచో ఆధునికమగు లాకరు. రెంటికిని చలింపనిచో ఎనామిలు కావచ్చును.

ఎనామిలైనచో నొక హెచ్చరిక కలదు. పాత రంగులలో సీసము విరివిగా నుండెడిది. మన దేశమున ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లను మించరాదని 2016లో నియమము చేసిరి. అది 2017 నవంబరు మొదలు అమలులోనికి వచ్చెను. అంతకు పూర్వపు పూతను పొడిగా గీకినచో లేచెడి ధూళి పసిపిల్లల మెదడునకును, గర్భిణులకును మిక్కిలి హానికరము. కావున తడి చేసి గీకవలెను. ముక్కునకు గుడ్డ చాలదు, సన్నని ధూళి నాపు ముసుగు ధరింపవలెను. గీకుడును తుడిచి మూటగట్టవలెను. పిల్లలున్న యింటిలో ఈ పని చేయనే కూడదు. పూత గట్టిగా నున్నచో దానిని పెకలింపక పైన గరుకుచేసి వదలుటయే మేలు.

కాస్టిక్ సోడా మాత్రము వలదు. అది పూతతోపాటు కొయ్యను నల్లబరచును, వజ్రపు అతుకులను వదలించును. మా పెట్టె వెనుకపలక నేటికిని కదలుట దాని ఫలమే. వజ్రపు అతుకు వదలినపుడు మేకులు కొట్టకుడు. వేడినీటి గుడ్డ వేసి పాతబంకను మెత్తబరచి తుడిచి, క్రొత్తది పూసి, త్రాటితో బిగించి యొక రాత్రి యుంచిన చాలును. ఇనుపమేకు కొట్టినచో కొన్నాళ్లకు దానిచుట్టు నల్లని మచ్చ యేర్పడును. కారణము వినుడు. మన తాతలు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి సిరా చేసెడివారు గదా. కొయ్యలోని వగరును ఇనుపత్రుప్పును తేమలో కలిసి అదే సిరాను చేయును. ఆ మచ్చ ఆక్సాలిక్ ఆమ్లపు నీటికి పోవును గాని అది విషము. చేదొడుగులు లేక ముట్టరాదు, పిమ్మట మంచినీటితో పలుమారు తుడువవలెను.

శుభ్రము చేసి యారిన కొయ్యను 120 అంకెగల గరుకుకాగితముతోను, పిదప 220 అంకెదానితోను చార వెంబడి రుద్దవలెను. చారకు అడ్డముగా రుద్దిన గీతలు రంగు క్రిందనుండి వెక్కిరించును. పుచ్చు రంధ్రములనుండి పిండివంటి పొడి రాలుచున్నచో పురుగింకను బ్రతికియున్నదన్నమాట; మందు వేసి కొన్ని వారములు కనిపెట్టి చూచిన పిమ్మటనే లప్పము పూడ్పవలెను.

ఇచ్చట నాకు రెండవసారి శాస్తి జరిగినది. చిలుకలను మరల వ్రాయింపనెంచి గోధుమవన్నెను తొలగించి నేనే తెల్లరంగు పూసితిని. మూడవనాటికి తెలుపంతయు పసుపు మచ్చలయ్యెను. మరియొక పూత వేసితిని, మచ్చలు మరల వచ్చెను. టేకులోని నూనెయు వగరును తడిరంగులోనికి ఊరి పైకి వచ్చునని నా కప్పటికి తెలియదు. దీనికి మందు లక్కయే. పలుచని రేకులుగా అమ్ము లక్కను, మైనము తీసినదానిని, లీటరు స్పిరిట్‌లో 100 మొదలు 120 గ్రాములు రాత్రి నానవేసి, వడియగట్టి, రెండు పలుచని పూతలు వేసినచో కొయ్యకును రంగునకును నడుమ గోడ కట్టినట్లగును. 1990లో ఇంగ్లండులో ఆనీ స్లోన్ అనునామె సుద్దరంగు నొకదానిని వెలయించినది. గరుకుకాగితముతో పనిలేక దేనిమీదనైన నంటునని దానికి ప్రసిద్ధి. అంటును, నిజమే. కాని టేకుపై దాని క్రిందను లక్క లేనిచో పసుపు మచ్చ తప్పదు.

లక్క పనికి వానకాలము తగదు. గాలిలో తేమ హెచ్చినపుడు పూత పాలవలె తెల్లబారును. మా కోస్తాలో మాఘ ఫాల్గుణములు మేలు. ఎండలో పెట్టి ఆరబెట్టుటయు తప్పే, బుడగలు లేచును. స్పిరిట్ ఆవిరి దీపమునకు దూరముగా నుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

లక్క యారిన పిమ్మట 220 కాగితముతో నొకమారు మృదువుగా రుద్ది, పలుచని వజ్రపునీటిలో సుద్దపొడియు రంగుపొడియు కలిపి నేలరంగు వేయవలెను. దానిపై చిత్రము. రేఖలెత్తిన కాగితమును సూదితో వరుసగా పొడిచి, పెట్టెపై నుంచి, సన్నని గుడ్డలో కట్టిన బొగ్గుపొడితో తట్టినచో చుక్కలు దిగును. ముగ్గు కలిపినట్లు వానిని కుంచెతో కలుపుకొనవలెను. రంగులలో జాజు, పసుపుమన్ను, నీలి నిరపాయములు. పాతకాలపు పసుపగు హరిదళము పాషాణము. ఇంగిలీకమున పాదరసము, సిందూరమున సీసము కలవు. పూర్వులు వాడిరి గదాయని మనము వాడనక్కరలేదు. అంగడిలో నిరపాయమైన పొడులు దొరకును.

చిత్ర మారినపిమ్మట పైన మరల లక్క, మూడు పలుచని పూతలు. మొదటిదానిని కుంచె నాడింపక ఒక్క విసరున వేయవలెను, లేనిచో రంగు కదలును. ఇట్టి పెట్టెపై వేడిగిన్నె పెట్టరాదు. లక్కకు తెల్లని వలయము పడును. ఎనామిలంత మన్నిక దీనికి లేదని మీరనవచ్చును. లేదు. కాని నాకది గుణముగా తోచినది. పైలక్క స్పిరిట్‌కు పోవును, చిత్రము వేడినీటికి పోవును, క్రిందిలక్క మరల స్పిరిట్‌కు పోవును, కొయ్యకు గీటు పడదు. నా చిత్రము నచ్చని మనుమడు దానిని తుడిచి టేకును టేకుగా పొందగలడు. నేను చేసినట్లు చేయ నవసరము వానికుండదు.

అవిసెనూనె వాడువారికి ఒక్కమాట. నూనెగుడ్డలను ముద్దచేసి మూల పడవేయకుడు. నూనె ఆరునపుడు వేడి పుట్టును. ముద్దలో నా వేడి పోవు దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకొనును. విప్పి ఆరుబయట పరచవలెను, లేదా నీట ముంచవలెను.

మా పెట్టె సంగతి మిగిలినది. క్రొత్తగా పని ఆరంభించినపుడు ముందరి ఇత్తడి బద్దను విప్పితిని. అంతకుముందు దానిని విప్పినవారు లేరు. దాని క్రింద రెండంగుళముల మేర సోడా తగులక, చిలుక తోకకొనయు, దాని నంటి యొక ఎఱ్ఱని రేఖయు నిలిచియుండెను. ఆ పచ్చదనము నేననుకొన్న చిలుకపచ్చ కాదు. కొంచెము నీలము కలిసినది. దానిని చూచుచు నాలుగుమారులు రంగు కలుపగా కుదిరెను. చిలుకలను నాలుగింటిని జ్ఞాపకమునుబట్టియే వ్రాసితిని, మా చెల్లెలు ముక్కులు సరిదిద్దినది. ఆ తోకకొనపై మాత్రము రంగు వేయలేదు, బద్దను మరల బిగింపనులేదు.