తల్లిదండ్రులకు ప్రేగు క్యాన్సరు: బిడ్డల కర్తవ్యము

కలకత్తా నగరమునందలి ఖిదిర్‌పూర్ రేవు 1892లో తెరవబడినది. ఆ రేవులోను, గార్డెన్‌రీచ్ రైల్వే కార్యాలయములలోను పని వెదకికొని ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చిన కుటుంబములు తరతరములుగా ఆ పరిసరములలో నివసించుచున్నవి. వారికి ఇంటిలో తెలుగు, బజారులో హిందీ, ఆసుపత్రిలో బెంగాలీ, మందుల చీటీపై ఇంగ్లీషు. పూర్వము రేవు పట్టణములలో రెండు భాషలు తెలిసి, ఒకరి మాట వేరొకరికి తెలుపువానిని దుబాసీ అనెడివారు. తల్లికో తండ్రికో పెద్ద జబ్బు చేసిననాడు, అక్కడ పుట్టి పెరిగిన కొడుకో కూతురో ఆ ఇంటికి దుబాసీ అగును. ఆ బిడ్డ చెప్పు మాటపైననే పెద్దవారి ధైర్యము చాలవరకు ఆధారపడి ఉండును. ఆ పని ఎట్లు చేయవలెనో ఇచ్చట వివరింపబడినది.

వ్యాధి హఠాత్తుగా బయటపడుట

పెద్దప్రేగులో క్యాన్సరు, మన పెద్దలు రాచపుండు అనెడి వ్యాధి, సాధారణముగా చిన్న పిలకవలె ఆరంభమై, అనేక సంవత్సరములు నొప్పి లేకుండ పెరుగును. మలములో నెత్తురు పడుట, మలవిసర్జన అలవాటు మారుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత దీని గుర్తులు. నెత్తురు కనబడినపుడు, "మొలలే కదా" యని నాటుమందుతో సరిపెట్టుకొనువారు పెక్కుమంది. నలుబది దాటినవారు అట్లు ఊరకుండరాదు.

కొందరిలో పుండు పెరిగి ప్రేగు మూసికొనిపోవు వరకు ఏ గుర్తును తెలియదు. అప్పుడు పొట్ట ఉబ్బును, వాంతులగును, మలముగాని వాయువుగాని వెలువడదు. ఇది ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలసిన స్థితి. ఇంటిలో విరేచనపు మందు ఇచ్చుట ప్రమాదకరము. స్వగ్రామమునకు తీసికొనిపోయి చూపింతమని రైలెక్కించుటయు తగదు. ఖిదిర్‌పూర్‌కు చేరువలోనే జనులు నేటికిని పీజీ యని పిలుచు ఎస్.ఎస్.కె.ఎం. ప్రభుత్వ ఆసుపత్రి యున్నది. రైల్వే ఉద్యోగుల కుటుంబములకు గార్డెన్‌రీచ్‌లో ఆగ్నేయ రైల్వే కేంద్ర ఆసుపత్రి కలదు. హాజ్రా ప్రాంతమున ఉన్న చిత్తరంజన్ క్యాన్సరు ఆసుపత్రిని 1950 జనవరి 2న ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించినది. ఆ సంస్థకు 2022 నుండి న్యూటౌన్‌లో రెండవ ప్రాంగణము కూడ ఏర్పడినది.

పేరు దాచవచ్చునా?

ఒక ఇంటిని ఊహింపుడు. వైద్యుడు బెంగాలీలో కుమారునితో పది నిమిషములు మాటాడినాడు. మంచముపైనున్న తండ్రి, "ఏటన్నాడురా డాక్టరుబాబు?" అని అడిగినాడు. కుమారుడు, "ఏం లేదు నాన్నా, చిన్న పుండట" అన్నాడు. పది నిమిషముల మాట ఒక్క ముక్కయైనది. తండ్రి అమాయకుడు కాడు. తనవద్ద ఏదో దాచుచున్నారని ఆయన గ్రహించును. ఆపై నిజమైన మాటను కూడ నమ్మడు. తన భయమును ఎవ్వరికిని చెప్పుకొనజాలడు.

కొడుకు దాచినది ప్రేమచేతనే. కాని ఆ శరీరము తండ్రిది. యుక్తవయసు వచ్చి తెలివితో ఉన్న రోగికి విషయము తెలిపి, ఆయన సమ్మతినే తీసికొనవలెనని భారత సుప్రీంకోర్టు 2008లో స్పష్టము చేసినది. ప్రాణాపాయమున రోగి మాటాడలేని స్థితిలో తప్ప, బంధువుల సంతకము దానికి బదులు కాజాలదు.

కావున ముందుగా పెద్దవారినే అడుగుడు: "నాన్నా, డాక్టరు చెప్పినదంతా చెప్పమంటావా, కొంచెము కొంచెముగా చెప్పమంటావా?" కొందరు అంతయు వినగోరుదురు; కొందరు, "నీవే చూచుకో నాయనా" అందురు. రెండును గౌరవింపదగినవే. కాని అడిగిన ప్రశ్నకు అబద్ధము చెప్పరాదు. "ప్రేగులో క్యాన్సరు గడ్డ ఉన్నది. ఆపరేషను చేసి తీసివేయుదురట. ఎంత వరకు పాకినదో ఆ తరువాత తెలియును. నేను నీ దగ్గరే ఉందును." ఇంత చెప్పిన చాలును. తెలియని దానిని తెలియదనియే చెప్పుడు.

శస్త్రచికిత్సకు ముందు

ఇంటివారిలో ఒక్కరే వైద్యునితో మాటాడువారుగా ఏర్పడవలెను. ఒక నోటుపుస్తకములో తేదీ, వైద్యుని పేరు, చెప్పిన మాట, మనము అడుగవలసిన ప్రశ్నలు వ్రాసికొనవలెను. పూర్వపు మందులన్నిటిని, ముఖ్యముగా మధుమేహము, రక్తపుపోటు, రక్తమును పలుచన చేయు మందులను, ఆయుర్వేద, హోమియో మందులను సైతము వైద్యునికి చూపవలెను. పొగాకు, బీడీ, ఖైనీ ఆనాటి నుండియే మానిపించవలెను. రక్తము అవసరమైనచో బంధుమిత్రులు రక్తనిధిలో దానము చేయవలెను. వెలకు రక్తమిచ్చువారి నుండి తీసికొనుట 1998 నుండి నిషిద్ధము. చికిత్స వ్యయమునకు ఏ ప్రభుత్వ పథకము వర్తించునో ఆసుపత్రి సహాయ కేంద్రమున ముందే విచారింపుడు. నగలు తాకట్టు పెట్టుట ఆ తరువాతి మాట.

పొట్టమీది ద్వారము

శస్త్రవైద్యుడు పుండు పట్టిన ప్రేగు భాగమును, దానిని అంటియున్న లింఫు గ్రంథులతో కూడ తొలగించి, మిగిలిన కొనలను కలిపి కుట్టును. ప్రేగు వాచియుండి వెంటనే కుట్టుట క్షేమము కానిచో, పై కొనను పొట్టమీదికి తెచ్చి, మలము ఒక సంచిలో పడునట్లు ఏర్పాటు చేయును. ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఆన్రీ హార్ట్‌మన్ 1921లో వివరించిన ఇట్టి పద్ధతి అత్యవసర సమయములలో నేటికిని ప్రాణములు కాపాడుచున్నది. కొందరికి కొన్ని నెలల పిమ్మట ఈ ద్వారమును మూసివేయుదురు. కొందరికి అది శాశ్వతముగా ఉండును. దీనిని స్టోమా యందురు. మెలకువ వచ్చిన తరువాత సంచిని హఠాత్తుగా చూచి పెద్దవారు కుమిలిపోకుండ, ఈ సంగతి ముందే చెప్పవలెను.

ఆరోగ్యకరమైన స్టోమా ఎఱ్ఱగా, తడిగా ఉండును. తాకిన నొప్పి యుండదు. నల్లబడినచో వెంటనే వైద్యునికి చూపవలెను. సంచి మూడవ వంతు నుండి సగము వరకు నిండగనే ఖాళీ చేయవలెను. చుట్టునున్న చర్మమును మామూలు నీటితో కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టవలెను. మొదటి కొన్ని వారములలో వాపు తగ్గి స్టోమా చిన్నదగును గాన, సంచి రంధ్రమును మరల కొలిచి కత్తిరించుకొనవలెను.

ఇచ్చట ఇంటివారి ముఖము చాలా ముఖ్యము. ముక్కు మూసికొనిన కోడలును, తల త్రిప్పుకొనిన కొడుకును ఆ తండ్రి మరువజాలడు. మొదటి దినములలో నర్సువద్ద నేర్చుకొని మీరు చేయుడు. బలము వచ్చిన కొలది ఆయన చేతనే చేయింపుడు. తన పని తాను చేసికొనగలిగిననాడు పెద్దవారి మర్యాద వారికి తిరిగి దక్కును.

తరువాతి దినములు

వైద్యుడు అనుమతించు వరకు నీరైనను నోటికి ఇవ్వరాదు. ఊపిరి నిండుగా పీల్పించి వదలింపవలెను. దగ్గునపుడు దిండును పొట్టకు అదిమి పట్టుకొనవలెను. అనుమతి దొరకినంతనే లేపి కూర్చుండబెట్టి నాలుగడుగులు వేయింపుడు; ఇందువలన ఊపిరితిత్తులలో నెమ్ము చేరదు, కాళ్ళలో నెత్తురు గడ్డకట్టదు. "పాపము, పడుకోనీ" అనుట దయ కాదు. వాయువు వెలువడుట శుభసూచన.

ఆహారము మొదలైన పిమ్మట మెత్తని అన్నము, పప్పు, గ్రుడ్డు, కారము లేని చేప, కొద్దికొద్దిగా ఇవ్వవచ్చును. పథ్యము పేర మాంసకృత్తులు మాన్పించినచో పుండు మానదు. కొన్ని వారముల వరకు బరువులు ఎత్తరాదు. జ్వరము, పెరుగుచున్న కడుపునొప్పి, వాంతులు, కుట్లనుండి చీము, పిక్కలో వాపు, ఆయాసము, వీనిలో ఏది కనబడినను ఉదయము వరకు ఆగరాదు.

తీసిన ప్రేగును సూక్ష్మదర్శినితో పరీక్షించిన రిపోర్టు కొన్ని దినములకు వచ్చును. అందు కనీసము 12 గ్రంథులు పరీక్షింపబడినవా, ఎన్నింటిలో వ్యాధి కలదు అని అడుగుడు. గ్రంథులకు పాకనిచో పెక్కుమందికి శస్త్రచికిత్సయే చాలును. పాకినచో కీమోథెరపీ అవసరము కావచ్చును. అది సాధారణముగా ఆరు నుండి ఎనిమిది వారములలోపల ఆరంభింపవలెను. పండుగకనియో పెండ్లికనియో వాయిదా వేయుట తగదు.

బిడ్డలకు ఒక మాట

సేవ చేయువారికి కూడ నిద్ర, భోజనము కావలెను. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంతులు వేసికొనవలెను. తల్లి కంటనీరు కూడ గమనింపవలెను. మరియు, తల్లికో తండ్రికో ఈ వ్యాధి వచ్చినచో బిడ్డలకును కొంత అధిక ప్రమాదము కలదు. అట్టివారు 40వ యేటనో, తల్లిదండ్రులకు వ్యాధి బయటపడిన వయసుకంటె పది సంవత్సరములు ముందుగానో, ఏది ముందైన అప్పుడు, కొలనోస్కోపీ పరీక్ష చేయించుకొనుట మంచిదని వైద్యులు సూచింతురు.

చిన్ననాడు మనకు మాటలు నేర్పినవారు వారు. నేడు వారికి అర్థము కాని భాషలో వారి ప్రాణమును గూర్చి మాటలు జరుగుచున్నవి. ఆ మాటలను నిజముగాను, మృదువుగాను వారి చెవిని వేయుటయే బిడ్డ చేయదగిన మొదటి సేవ.