గరాజు సేలు – గృహిణి వివేకము

అమెరికా దేశమున కాపురమున్న మన తెలుగు ఆడపడుచులకు గరాజు సేలు క్రొత్త మాట కాదు. ఇల్లు మాఱువారును, పిల్లలు ఎదిగినవారును తమకు అక్కఱలేని సామగ్రిని కారు షెడ్డులోనో, ఇంటి ముంగిటనో పఱచి, సాధారణముగా శనివారము ఉదయమున అమ్ముచుందురు. విశ్వవిద్యాలయములున్న ఊళ్లలో విద్యార్థులు ఇండ్లు ఖాళీచేయు మే మాసమున ఇట్టి అమ్మకములు మెండు. క్రొత్త కాపురములకు ఇవి ఎంతయు ఉపకరించును. కాని వివేకము లేనిచో చౌక వస్తువే ప్రియమై కూర్చుండును. కావున సోదరీమణులకు మేము కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

బయలుదేఱుటకు ముందే కావలసినవానిని చీటీపై వ్రాసికొనవలెను. బల్లకైనను బీరువాకైనను గదిలోని చోటు కొలిచి, టేపును వెంట గొనిపోవలెను. ఒక డాలరు, అయిదు డాలర్ల నోట్లు దగ్గఱనుండుట మేలు. ఇరువది డాలర్ల నోటు చేతబట్టుకొని రెండు డాలర్లు తగ్గింపుడనుటకు నోరాడదు. మేలైన వస్తువు కావలసినవారు తెల్లవాఱగనే పోవలెను. వెల తగ్గవలెననువారు మధ్యాహ్నమున పోవలెను. మిగిలినదానిని మరల లోనికి మోయుట అమ్మువారికిని కష్టమే గదా! బేరమాడుట అక్కడ తప్పుగా నెంచరు. నాలుగైదు వస్తువులను ఒకచో చేర్చి మొత్తమునకు వెల యడుగుట మర్యాదయైన మార్గము. వస్తువును నిందించి వెల తగ్గించుట మాత్రము తగదు. అదియు ఒక ఇల్లాలు ముచ్చటపడి వాడుకొన్నదే.

పరుపులు, మెత్తని సోఫాలు కొనినచో నల్లులు వెంటవచ్చుట కలదు. కుట్ల సందులు పరికింపక తీసికొనరాదు. విద్యుత్పరికరములను అక్కడనే ప్లగ్గు పెట్టి నడిపించి చూడవలెను. అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, మన దేశమున 230 వోల్టులు. చౌకయని అక్కడి మిక్సీని ఇంటికి తెచ్చినచో ఇక్కడ కాలిపోవును.

పసిబిడ్డల సామగ్రి విషయమున మఱింత మెలకువ వలయును. కుమార్తె పురుటికి వెళ్లిన తల్లులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. ఒక ప్రక్క క్రిందికి జాఱునట్టి కటకటాల మంచములలో, ఆ ప్రక్క ఊడిన సందున చిక్కి, ఊపిరాడక శిశువులు మరణించిరి. అందుచే 2011 జూన్ 28 నుండి అట్టి మంచములను అమ్ముట ఆ దేశమున నిషేధింపబడినది. అయినను పాతవి ఇండ్లలో నుండవచ్చును. కారులో బిడ్డను కూర్చుండబెట్టు సీటునకు గడువు తేదీ యుండును. అది ప్రమాదమున దెబ్బతిన్నదో లేదో చూచినంత మాత్రమున తెలియదు గనుక పరిచయము లేనివారివద్ద కొనరాదు. ఇండ్లకును బొమ్మలకును వాడు రంగులలో సీసమును 1978లో నిషేధించిరి. అంతకు పూర్వపు రంగు బొమ్మలు బిడ్డ నోటికి అందనీయరాదు. లోపమున్నదని తయారీదారులు వెనుకకు పిలిచిన వస్తువుల జాబితాను అక్కడి ప్రభుత్వమువారు ప్రకటించుచున్నారు. వస్తువుపైనున్న పేరును, నంబరును దానితో సరిచూచుకొనుటకు నిమిషము చాలును.

పది డాలర్లు మిగిలెనను సంతోషము కన్న, బిడ్డ నిదురించు చోటు నిరపాయమను నమ్మకము తల్లికి మిన్న.