గాదె మూత పడనివ్వని వైరస్

"రాత్రి రెండు పుల్కాలే తిన్నాను డాక్టరు గారూ, పొద్దున్నే పరగడుపున షుగర్ ఇంతెలా వచ్చిందండీ?" షుగర్ రోగులు తరచూ అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. ఏమీ తినని ఆ ఎనిమిది గంటల్లో నెత్తుట్లోకి చక్కెర ఎవరు పోశారు? కుడివైపు పక్కటెముకల కింద ఉన్న కాలేయం.

కాలేయం ఒంటికి గాదె. తిన్నప్పుడు వచ్చిన గ్లూకోజును గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా తీసి పంచుతుంది. నిల్వ తరిగితే కొత్తగా తయారు చేస్తుంది కూడా. గాదె మూత ఎప్పుడు వేయాలో చెప్పే పెత్తనం ఇన్సులిన్‌ది. క్లోమంలో పుట్టిన ఇన్సులిన్ ఒళ్లంతా తిరగకముందే కాలేయానికి చేరుతుంది. దాదాపు సగం అక్కడే ఖర్చవుతుంది. ఆ కాలేయమే మాట వినడం మానేస్తే? దాన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు.

పొట్ట చుట్టూ కొవ్వు, కదలని ఒళ్లు, వంశపారంపర్యం దీనికి మనమెరిగిన కారణాలు. అంతగా ఎరగనిది హెపటైటిస్-సి. కలుషిత రక్తం, సూదుల ద్వారా వచ్చే ఈ వైరస్‌ను 1989లో గుర్తించారు. సోకినవారిలో ఎక్కువమందికి అది ఏళ్ల తరబడి కాలేయంలోనే తిష్ఠ వేస్తుంది. చాలామందికి కామెర్లు కూడా కనిపించవు.

వీరిలో షుగర్ ఎక్కువగా ఉందని డాక్టర్లు 1990లలో గమనించారు. కాలేయం చెడితే ఎవరికైనా చక్కెర అదుపు తప్పుతుంది కదా, ఇందులో వైరస్ తప్పేముంది? ఈ సందేహం తీర్చడానికి కాలేయాన్నే పట్టుకునే హెపటైటిస్-బి రోగులతో పోల్చి చూశారు. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో హెపటైటిస్-బి ఉన్నవారిలో 12 శాతం మందికి షుగర్ ఉంటే, హెపటైటిస్-సి ఉన్నవారిలో 21 శాతం మందికి ఉంది.

ఇంకా గట్టి సాక్ష్యం 2004లో టోక్యో పరిశోధకుల ఎలుకల నుంచి వచ్చింది. వాటికి వైరస్ సోకలేదు. వైరస్ పైపొర లోపల ఉండే 'కోర్' ప్రోటీన్ జన్యువును మాత్రమే వాటి కాలేయంలో పనిచేసేలా చేర్చారు. అంతమాత్రానికే వాటిలో ఇన్సులిన్ నిరోధకత మొదలైంది. కొవ్వు మేత పెడితే షుగర్ వచ్చింది.

ఇన్సులిన్ కణం గడప దగ్గరే నిలబడి కబురు చెబుతుంది. ఆ కబురును లోపలికి మోసుకెళ్లేవి ఐఆర్‌ఎస్ అనే ప్రోటీన్లు. వైరస్ కోర్ ప్రోటీన్ వీటిని కణం చేతే ముక్కలు చేయిస్తుంది. పైగా వైరస్ రగిల్చిన వాపులో పుట్టే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే రసాయనం మిగిలిన ఐఆర్‌ఎస్‌ల పని చెడగొడుతుంది. ఇన్సులిన్ ఎంత అరిచినా గాదె మూత పడదు. క్లోమం మరింత ఇన్సులిన్ పంపుతుంది.

ఈ అరుపు మామూలు షుగర్ పరీక్షలో వినపడదు. పరగడుపు షుగర్‌ను (మిల్లీగ్రాముల్లో) పరగడుపు ఇన్సులిన్‌తో (మైక్రోయూనిట్లలో) గుణించి 405తో భాగించే లెక్క ఒకటుంది, పేరు హోమా. ఒకరి షుగర్ 90, ఇన్సులిన్ 6 అనుకుందాం. ఫలితం 1.3. ఇంకొకరి షుగర్ 99, ఇన్సులిన్ 20. ఫలితం 4.9. షుగర్ రిపోర్టు ఇద్దరికీ 'నార్మల్' అనే చెబుతుంది. రెండో వ్యక్తి క్లోమం మాత్రం మూడింతలకు పైగా చాకిరీ చేస్తోంది.

నష్టం ఇటునుంచి అటూ ఉంది. ఇన్సులిన్ నిరోధకత ఉన్నవారిలో కాలేయం త్వరగా గట్టిపడుతుంది. షుగర్ తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది.

మరి వైరస్ పోతే? 2013 చివర్లో సోఫోస్‌బువిర్ అనే మందు వచ్చాక ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. ఇలాంటి మందులను జతగా వాడితే సాధారణంగా 12 వారాల్లో 95 శాతానికి పైగా రోగులకు వైరస్ పూర్తిగా పోతుంది. వైరస్ పోయిన షుగర్ రోగుల్లో మూడునెలల సగటు షుగర్ కొంత తగ్గినట్టు అమెరికా మాజీ సైనికులపై చేసిన అధ్యయనం చూపింది. అందుకే చికిత్స నడుస్తుండగా షుగర్ మరీ పడిపోకుండా మందుల మోతాదు చూసుకోమంటారు. అలాగని అందరికీ షుగర్ మాయమవదు. వయసు, బరువు, వంశం ఎక్కడికీ పోవు.

వైరస్ పోవాలంటే ముందు అది ఎవరిలో ఉందో తెలియాలి. ఈజిప్టులో ఒకప్పుడు నత్తల వల్ల వ్యాపించే పరాన్నజీవి జబ్బుకు సరిగా శుభ్రం చేయని సూదులతో ఇంజెక్షన్లు ఇచ్చి, తెలియకుండానే లక్షలమందికి ఈ వైరస్ అంటించారు. అదే దేశం 2018-19లో దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించింది. ఆ శిబిరాల్లో హెపటైటిస్-సితో పాటు షుగర్, బీపీ కూడా చూశారు. ఇక మందు సంగతి. అమెరికాలో 84 మాత్రలకు 84 వేల డాలర్లు పలికిన సోఫోస్‌బువిర్‌ను హైదరాబాద్‌లోని నాట్కో, హెటెరో కంపెనీలు చవగ్గా తయారు చేశాయి. మన దేశంలో 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, చికిత్స ఉచితం.

షుగర్ ఉన్న ప్రతివారికీ ఈ వైరస్ ఉందని కాదు, చాలామందికి ఉండదు. అయినా పరగడుపు షుగర్ గురించి మీరడిగిన ప్రశ్నకు డాక్టరు గారు బదులుగా, "ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా? డయాలసిస్ చేయించుకున్నారా?" అని అడిగితే మాట మారుస్తున్నారనుకోకండి. ఆయన గాదె వైపు చూస్తున్నారు.