ఉప్పెనకు ముందు చేరవలసిన కబురు

తెలుగుతీరమున గాలివలనను నీటివలనను వచ్చు కష్టమునకు పేర్లు అనేకము. ఆకాశము కమ్ముకొని చెట్లను వంచి, ఇంటికప్పులను లేపివేయునది గాలివాన. నడిసముద్రమున పుట్టి, సుడులు తిరుగుచు తీరమువైపు సాగివచ్చునది వాయుగుండము. అది బలపడినచో తుఫాను. సముద్రమే గట్టు దాటి ఊరిలోనికి నడచివచ్చినచో దాని పేరు ఉప్పెన. తెలుగు కథకు 1952లో ప్రపంచ కథల పోటీయందు ద్వితీయ బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజుగారి రచనకు ‘గాలివాన’ యనియే పేరు. తీరవాసుల జ్ఞాపకములో మాత్రము అన్నిటికంటె బరువైన మాట ఉప్పెనయే. గాలి ఇంటికప్పును తీసికొనిపోయిన సంగతి మరునాడు చెప్పుకొనవచ్చును. ఉప్పెన వచ్చిన కొన్ని ఊళ్లలో చెప్పుకొనుటకు కుటుంబములకు కుటుంబములే మిగులలేదు.

ఈ తీరపు చరిత్రను నిదానించి చదివినచో రెండు సంగతులు స్పష్టమగును. ఇచ్చట గాలికంటె నీరే ఎక్కువ ప్రాణములను తీసినది. ఆ నీటికంటె ముందుగా ఊరికి చేరిన కబురే ఎక్కువ ప్రాణములను నిలిపినది. అయితే కబురు చేరుట ఒకటి, దానిని నమ్మి లేచి నడచుట మరొకటి. ఈ రెండింటి నడుమనున్న దూరమును తగ్గించుటయే విపత్తునకు సిద్ధపడుట.

చరిత్ర చెప్పు సాక్ష్యము

గోదావరి ముఖద్వారమున ఒకప్పుడు ఓడల రాకపోకలతో కళకళలాడిన రేవు కోరంగి. 1789లోను, మరల 1839లోను ఉప్పెన దానిని ముంచివేసినది. కలకత్తాలో నుండి బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, 1848లో నావికులకొరకు ప్రకటించిన గ్రంథములో ‘సైక్లోన్’ అను మాటను వాడుకలోనికి తెచ్చెను. చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయు గ్రీకుపదము దానికి మూలము. తెలుగువారి ‘వాయుగుండము’ కూడ ఆ సుడినే చెప్పుచున్నది.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన బందరుపై సముద్రము విరుచుకొని పడినది. సుమారు 30,000 మంది మరణించిరి. అంతకు నెలరోజుల ముందే, అక్టోబరు 5న, కలకత్తా కూడ అట్టి తుఫానునే చవిచూచినది. ఆ దెబ్బతో 1865లో కలకత్తా రేవున తుఫాను హెచ్చరికలు మొదలైనవి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. హెచ్చరించు విద్య ఈ దేశమున మృత్యువు వెనుకనే నడచివచ్చినదని చెప్పవలెను.

బందరు ఉప్పెన తరువాత 113 సంవత్సరములకు, 1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు, దివిసీమ వంతు వచ్చినది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు 10 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొనిపోయినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. తుఫాను వచ్చుచున్నదని రేడియో చెప్పకపోలేదు. కాని ఆ మాట అనేక గ్రామములకు చేరలేదు. చేరినచోట కూడ, గాలి వీచిన రాత్రి తలుపు బిగించి ఇంటిలో కూర్చుండుటయే అందరెరిగిన జాగ్రత్త. గాలికి అది చాలును, నీటికి చాలదు. 1864 నాటి నీటిని కన్నులార చూచినవారు ఒక్కరైనను బ్రతికియుండు కాలము కాదది. తాతలనాటి అనుభవము మనుమల చెవిని చేరకముందే సమసిపోయినది.

అటుపై పదుమూడేండ్లకు, 1990 మే 9న, ఇంచుమించు అంతటి బలముగల తుఫానే కృష్ణా ముఖద్వార ప్రాంతమును తాకినది. ఈమారు లక్షమందికి పైగా ప్రజలను ముందే సురక్షిత స్థలములకు చేర్చిరి. మృతులు 967 మంది. ఆ సంఖ్యయును దుఃఖకరమే. అయినను పదివేలకును వేయికిని గల భేదములో కబురు విలువ కనిపించుచున్నది.

1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను ఈ పాఠమునకు మరొక ముఖము. కొబ్బరితోటలు నేలమట్టమైనవి, వేయిమందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు నడిసముద్రమున వేటలో నున్న మత్స్యకారులు. గట్టుమీది ఇంటికి చేరిన కబురు పడవలో నున్న మనిషికి చేరలేదు. 2014 అక్టోబరు 12న ‘హుద్‌హుద్’ గంటకు 180 కిలోమీటర్ల వేగముతో విశాఖపట్టణమునే తాకినది. విమానాశ్రయపు పైకప్పు లేచిపోయినది. నగరమునకు నీడనిచ్చిన చెట్లు వేళ్లతో పెకలింపబడినవి. అయినను రాష్ట్రమున మృతుల సంఖ్య వందకు లోబడియే ఉన్నది.

ముప్పదివేలు, పదివేలు, వేయి, వందకు లోపు. ఈ నూట యేబది యేండ్లలో గాలి మెత్తబడినది లేదు. మెరుగుపడినది మనుష్యుల యేర్పాటు.

నీరు ఎట్లు లేచును?

తరగతిగదిలో ఈ విషయము చెప్పునప్పుడు విద్యార్థి మొదట అడుగు ప్రశ్న ఇది: గాలి వీచినంతమాత్రమున సముద్రము ఊరిలోనికి ఎట్లు వచ్చును?

సముద్రపు పైనీరు సుమారు 26 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కినపుడు, ఆ వేడియు ఆవిరియు తుఫానునకు ఆహారమగును. అందుచేతనే ఏప్రిల్, మే మాసములలోను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకును బంగాళాఖాతమున తుఫానులు ఎక్కువ. తుఫాను నడుమ వాయుపీడనము తగ్గును. ఒక్కొక్క మిల్లీబారు తగ్గినకొద్ది సముద్రమట్టము సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. ఈ లెక్కన 60 మిల్లీబార్లు తగ్గినను నీరు లేచునది 60 సెంటీమీటర్లే, అనగా పిల్లవాని నడుమంత ఎత్తు. తక్కినదంతయు గాలిపని. గాలి నీటిని తోసికొనివచ్చును. తీరము దగ్గర సముద్రము లోతు తక్కువైనందున ఆ నీటికి క్రిందికి తప్పుకొను దారిలేదు. అది గోడవలె పైకి లేచును. పోటు సమయము కలసివచ్చినచో ఎత్తు మరింత హెచ్చును. డెల్టాభూములు సముద్రమట్టమునకు కొంచెమే ఎత్తున నుండుటచేత ఆ నీటికి అడ్డు దొరకదు.

ఇందు మరొక సూక్ష్మము కలదు. భూమధ్యరేఖకు ఉత్తరమున తుఫానుగాలి గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగ తిరుగును. తూర్పునకు ముఖము చేసియున్న ఆంధ్రతీరమున తుఫాను గట్టునెక్కినపుడు, కేంద్రమునకు ఉత్తరమున గాలి సముద్రమునుండి నేలవైపు వీచును. దక్షిణమున నేలనుండి సముద్రమువైపు వీచును. కనుక ఉప్పెన భయము ఉత్తరభాగముననే ఎక్కువ. 1977లో తుఫాను కేంద్రము తీరము దాటినది చీరాల సమీపమున. మునిగిపోయినది దానికి ఈశాన్యముననున్న దివిసీమ. ‘తుఫాను మన ఊరిమీదికి రాదట, దక్షిణముగ పోవునట’ అని ఊపిరి పీల్చుకొనువారు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొనవలెను.

తుఫాను కన్ను మరొక మోసము. కేంద్రము ఊరిమీదుగ పోవునపుడు గాలి ఒక్కసారిగ ఆగును. ఆకాశము కొంత తెరపి ఇచ్చును. గండము గడచినదని జనులు బయటికి వత్తురు. కొంతసేపటికి అదే గాలి ఎదుటిదిక్కునుండి అంతే బలముతో విరుచుకొని పడును. మొదటి గాలికి వదులైన గోడలును చెట్లును కూలునది అప్పుడే.

పదునొకండవ సంకేతము

‘రేవున మూడవ నంబరు ప్రమాద హెచ్చరిక’ అను మాట తెలుగు పత్రికల పాఠకులకు చిరపరిచితము. రేవులలో ఎగురవేయు ఈ సంకేతములు మొత్తము 11. సంఖ్య పెరిగినకొద్ది అపాయము దగ్గరపడినదని స్థూలముగ అర్థము. పది మహాప్రమాదమును తెలుపును. ఇక పదునొకండవది మిక్కిలి ఆలోచింపదగినది. వాతావరణ కేంద్రముతో సంబంధములు తెగిపోయినవనియు, స్థానికాధికారి తన విచక్షణనుబట్టి ముప్పు రాగలదని తలచుచున్నాడనియు దాని భావము. ఏ కబురును రాకపోవుట కూడ ఒక కబురే యని పెద్దలు ఆ సంకేతములో చెప్పియుంచిరి. చేతిలోని ఫోను మూగవోయినపుడు, స్తంభములు కూలి దీపములారినపుడు, ఇక భయములేదని కాక భయము దగ్గరకు వచ్చినదని గ్రహింపవలెను.

నేడు హెచ్చరికలు అంచెలంచెలుగ వచ్చును. తుఫానుకు సుమారు 72 గంటల ముందు మొదటి సూచన. 48 గంటల ముందు పసుపురంగు హెచ్చరిక. 24 గంటల ముందు నారింజరంగు. 12 గంటల ముందు, తీరము దాటిన పిదప ఏమి జరుగునో తెలుపు ఎరుపురంగు. 2004 నుండి ఈ సముద్రములలోని తుఫానులకు పేర్లు పెట్టుచున్నారు. ఊరుపేరు లేని గాలికంటె పేరుగల తుఫానును జనులు తేలికగ గుర్తుంచుకొందురు. 2005లో విపత్తుల నిర్వహణకు పార్లమెంటు చట్టము చేసినది. దానిననుసరించి సహాయదళములు ఏర్పడినవి. 1977 తరువాత తీరము పొడవునను తుఫాను షెల్టర్లు లేచినవి.

ఇన్ని యుండియు మనిషి ఇల్లు కదలకపోవుటకు కారణములు కలవు. వానిని అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు. మత్స్యకారునికి వలయు పడవయు యావదాస్తి. పాడిపశువును విడిచి రైతు కాలు కదపలేడు. మంచమున నున్న వృద్ధుని ఎవరు మోయుదురు? ఆడపిల్లలతో పరుల నడుమ రాత్రి గడపుట ఎట్లు? క్రిందటి మారు పిలిచినపుడు పోయి వచ్చినచో తుఫాను దారితప్పి మరెచ్చటికో పోయినది. ఈమారును అంతే కాదా? ఈ ప్రశ్నలకు గాలి వీచుచుండగా సమాధానము దొరకదు. ఎండకాయు దినములలోనే ఊరు కూర్చుండి తేల్చుకొనవలసినవి ఇవి.

బడి చేయగల పని

ఆ పనికి పల్లెలో బడికంటె తగిన చోటు లేదు. తుఫాను రాత్రి జనులు తలదాచుకొనునది పెక్కుచోట్ల ఆ బడిలోనే. ఉపాధ్యాయుడు ఊరివారందరికి తెలిసినవాడు. విద్యార్థి చెప్పిన మాట ప్రతి ఇంటి వంటగది వరకు పోవును.

విద్యార్థులచేత ఊరి పటమును వ్రాయించవచ్చును. ఎత్తైన నేల ఎచ్చట, కాలువగట్టు ఎచ్చట బలహీనము, షెల్టరునకు దారిలో ఏ కల్వర్టు మునుగును, వృద్ధులు, నిండుగర్భిణులు, నడువలేనివారు ఏ యిండ్లలో ఉన్నారు, వారిని తోడ్కొని వచ్చు బాధ్యత ఎవరిది అను సంగతులు ఆ పటమున ఎక్కవలెను. తుఫానుల కాలమునకు ముందు సెప్టెంబరులో ఒకనాడు అందరును షెల్టరుదాక నడచి, ఎంతసేపు పట్టునో చూచుకొనవలెను. ఒకమారు నడచిన కాలు రెండవమారు సంకోచింపదు.

ఇంటిలో చేయవలసినవి స్వల్పము. పట్టాదారు పుస్తకములు, రేషనుకార్డు, పిల్లల సర్టిఫికెట్లు పాలిథీను సంచిలో చుట్టియుంచుట; అటుకులు, మరమరాలు, బెల్లము, మూతగల బిందెతో మంచినీరు, రోజువాడు మందులు, టార్చిలైటు, బ్యాటరీ రేడియో ఒకచోట చేర్చుట. పోవునపుడు పశువుల పలుపులు విప్పివేయుట మరువరాదు. కట్టుకొయ్యకు కట్టివేసిన పశువు నిలిచినచోటనే మునుగును. విప్పిన పశువు గట్టును వెదకికొనును.

నీరు తీసిన తరువాత

ఉప్పెన నీరు ఒక్క రాత్రిలో పోవచ్చును. దాని ఉప్పు తేలికగ పోదు. చేలలోను, మంచినీటి చెరువులలోను, బావులలోను అది నిలిచిపోవును. బావినీటిని తోడివేసి, బ్లీచింగు కలిపి, కాచిన నీటినే త్రాగవలెను. పశుకళేబరములను వెంటనే పూడ్చవలెను. నీటికి వెరచి పాములును ఎత్తైన చోటికే చేరును. చీకటిలో చేయి చాచుటకు ముందు చూచుకొనవలెను. చేనును మంచినీటితో పలుమారులు ముంచి, ఆ నీటిని బయటికి తీసినగాని పైరు నిలువదు.

దివిసీమకు నాడు సహాయము దేశము నలుమూలలనుండి వచ్చినది. ఆ ప్రాంతపు నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారు సహాయ కార్యక్రమములలో ముందు నిలిచిరి; మదర్ తెరెసా కూడ ఆ ఊళ్లను దర్శించిరి. అట్టి సహాయము ఎంత గొప్పదైనను నీరు తీసిన పిదపనే రాగలదు. మొదటి కొన్ని గంటలలో మనిషికి చేయి అందించునది పొరుగింటివాడే.

ఊరికి మరొక పొరుగు కలదు. కోరంగి వద్దను కృష్ణా ముఖద్వారమునను నున్న మడ అడవులు అలల ఊపును విరుగగొట్టును. 1999 నాటి ఒరిస్సా తుఫానులో మడ అడవుల చాటుననున్న గ్రామములలో మరణములు తక్కువగ నుండెనని పరిశోధకులు చూపిరి. రొయ్యల చెరువుకొరకు మడను నరకునపుడు ఊరు తన గోడను తానే త్రవ్వుకొనుచున్నది.

ప్రాణనష్టము తగ్గినదన్న తృప్తి ఒకవిధముగ అపాయకరము. దివిసీమ ఉప్పెన నాటికి పుట్టనివారు నేడు తల్లిదండ్రులు. బడులలో పాఠము చెప్పువారిలోను వారే ఎక్కువ. బందరు జ్ఞాపకము దివిసీమను చేరలేకపోయినది, చేర్చువారు లేకపోవుటచేత. ఆ నాటి నీటిని చూచిన కన్నులు తీరగ్రామములలో ఇంకను కొన్ని ఉన్నవి. ఆ పెద్దలను బడికి పిలిచి, నీరు ఎంతవరకు లేచినదో గోడమీద వారిచేతనే గీత గీయించి, క్రింద తేదీ వ్రాసియుంచిన ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకమున లేని పాఠమును ఊరికి నిలిపినవాడగును. ఆ గీత తన తలకంటె ఎంత ఎత్తున నున్నదో కొలుచుకొన్న పిల్లవానికి, హెచ్చరిక వచ్చిననాడు ఎందుకు కదలవలెనో మరల చెప్పనక్కరలేదు.